పెరట్లో పరచిన పలకలు



మా ఇంటికి వచ్చినవారు పెరటి గుమ్మంలో నిలబడి తరచుగా అడిగే మాట ఒకటుంది: "ఆ చెక్క అరుగు ఏమిటండీ?" కూటాలకు వేసిన వేదిక అని కొందరనుకుంటారు, ధాన్యం ఆరబోసుకునేందుకని కొందరనుకుంటారు. బాస్కెట్‌బాల్ ఆడుకునే స్థలమని చెబితే నవ్వుతారు. నవ్వరా మరి! కృష్ణా డెల్టాలో, వరిచేల నడుమ, ఒక పాస్టరు ఇంటి వెనుక చెక్కలు పరచిన ఆటస్థలం! దానిని మేము ఒకసారి కాదు, రెండుసార్లు కట్టాము. మొదటిసారి కట్టినది మూడు నెలలు కూడా నిలువలేదు. మేము చేసిన పొరపాట్లు ఇంకొకరు చేయకుండా ఉండాలని ఆ సంగతులన్నీ దాచకుండా వ్రాస్తున్నాము.

ఎందుకు తలపెట్టాము?

మా పెద్దమ్మాయి హాస్టలులో ఉండి చదువుకునేది. ఆ స్కూలులో సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. ఆరవ తరగతిలో బంతి పట్టింది. ఏడవ తరగతి పూర్తయ్యేసరికి ఆ బంతే ఆమెకు లోకమైంది. 2018 వేసవి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు, మెట్లు ఎక్కుతూ మోకాలు పట్టుకుని ఆగడం మా పిల్లల తల్లి గమనించింది. ఎముకల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లాము. ఎదిగే వయస్సులో పిల్లలు గట్టి నేలమీద పదేపదే ఎగిరి దూకితే మోకాలి చిప్ప కింద ఇలాంటి నొప్పి వస్తుందని ఆయన చెప్పారు. కొన్నాళ్లు విశ్రాంతి ఇవ్వాలి, తొడ కండరాలు బలపడే వ్యాయామాలు చేయాలి, ఆ తరువాత మెల్లమెల్లగా ఆడవచ్చు అన్నారు.

ఆయన చెప్పిన వాటిలో పిల్ల చెవికి ఎక్కినది "విశ్రాంతి" ఒక్కటే. బంతిని మంచం కిందికి నెట్టేసింది. సాయంత్రం పూట వీధి అరుగుమీద కూడా కూర్చునేది కాదు. "ఇక నాకు ఆట వద్దులే నాన్నా" అని ఆమె ఏడవకుండా చెప్పిన తీరు చూసి మాకు దిగులు పట్టుకుంది.

ఆ రోజుల్లోనే మా పిల్లల తల్లి ఒక ప్రశ్న వేసింది. "మగపిల్లలకు కాలువ గట్టున వాలీబాల్ నెట్టు ఉంది. ఊళ్లో పన్నెండేళ్లు దాటిన ఆడపిల్ల ఎక్కడ పరుగెత్తాలి?" సంఘములో ఇన్నేళ్లుగా యౌవనస్థుల కూడికలు నడిపిస్తున్న మాకు ఆ ప్రశ్న ఎన్నడూ తట్టలేదు. సిగ్గుపడ్డాము.

అదే సంవత్సరం మా నాన్నగారు కట్టిన పాత పెంకుటిల్లు విప్పించవలసి వచ్చింది. అటక మీది టేకు పలకలు, దూలాలు, వాసాలు మా వాటాకు వచ్చాయి. కొన్ని పలకల మీద నాన్నగారు ధాన్యం బస్తాల లెక్కకు గీసుకున్న సుద్దగీతలు ఇంకా ఉన్నాయి. ఆ కలపను అమ్మబుద్ధి కాలేదు. బాస్కెట్‌బాల్‌ను పెద్ద పోటీలలో చెక్క నేలమీదనే ఆడతారని, అందుకు హార్డ్ మేపుల్ అనే గట్టి చెక్క వాడతారని, సిమెంటు లొంగదు గాని కింద ఖాళీ వదిలి పరచిన చెక్క పాదం కింద కొద్దిగా లొంగి తిరిగి లేస్తుందని మా అమ్మాయే ఎప్పుడో చెప్పింది. పలకలూ ఉన్నాయి, పెరడూ ఉంది, ఇంకేమి కావాలి అనుకున్నాము.

పెద్దల మాట

పని మొదలుపెట్టగానే సంఘ పెద్ద ఒకాయన వచ్చారు. "అయ్యగారూ, దైవసేవకుని పెరట్లో ఆటలేమిటి? జనం ఏమనుకుంటారు?" అన్నారు. ఆయన మమ్మల్ని ప్రేమించేవారు గనుకనే అడిగారు. ఆయనకు ఈ ఆట పుట్టుక చెప్పాము. మీకూ చెబుతాము.

1891 డిసెంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, స్ప్రింగ్‌ఫీల్డ్ అనే పట్టణంలో, వై.ఎం.సి.ఏ. శిక్షణ పాఠశాలలో జేమ్స్ నైస్మిత్ అనే యువ ఉపాధ్యాయుడుండేవాడు. కెనడా దేశస్థుడు. చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నవాడు. మాంట్రియల్‌లో వేదాంత విద్య పూర్తి చేసినవాడు. చలికాలంలో బయట ఆడలేక విసిగి, అల్లరి చేస్తున్న పద్దెనిమిది మంది విద్యార్థులను ఆయనకు అప్పగించి, లోపల ఆడేందుకు ఒక క్రొత్త ఆట కనిపెట్టమని పై అధికారి లూథర్ గ్యులిక్ పద్నాలుగు రోజుల గడువిచ్చాడు.

నైస్మిత్ బాగా ఆలోచించాడు. బంతి పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఆపాలంటే పడగొట్టాలి. వ్యాయామశాల గట్టి నేలమీద పడితే ఎముకలు విరుగుతాయి. కాబట్టి బంతితో పరుగెత్తడమే ఉండకూడదని నియమం పెట్టాడు. పెట్టెలు తెమ్మంటే కాపలాదారు పీచ్ పండ్ల బుట్టలు రెండు తెచ్చాడు. వాటిని పది అడుగుల ఎత్తునున్న బాల్కనీ కమ్మీకి బిగించాడు. పదమూడు నియమాలు వ్రాసి గోడకు అంటించాడు. ఈనాటికీ రింగు ఎత్తు ఆ పది అడుగులే. తరువాతి కాలంలో నైస్మిత్ ప్రెస్బిటేరియన్ సంఘములో పాదిరిగా అభిషేకం పొందాడు.

ఇంకొక సంగతి. ఆట పుట్టిన కొద్ది వారాలకే దగ్గరి బడిలోని ఉపాధ్యాయినులు చూడవచ్చి, మేమూ ఆడతామన్నారు. 1892లోనే స్త్రీల కళాశాలకు ఆట చేరింది. తొలిరోజులలో ఆడిన స్త్రీలలో ఒకరైన మాడ్ షెర్మన్‌ను నైస్మిత్ 1894లో వివాహం చేసుకున్నాడు. మన కాలువ గట్టున ఆడే వాలీబాల్ కూడా ఆ చుట్టుప్రక్కల పుట్టినదే. 1895లో హోలియోక్ పట్టణపు వై.ఎం.సి.ఏ.లో విలియం మోర్గాన్ దానిని రూపొందించాడు. 1920లో మద్రాసులో హ్యారీ బక్ వై.ఎం.సి.ఏ. వ్యాయామ విద్యా కళాశాలను స్థాపించాడు.

ఇదంతా విని ఆ పెద్దాయన, "సరే అయ్యగారూ, కూడికల వేళ మాత్రం బంతి చప్పుడు వినబడకూడదు" అన్నారు. మాటిచ్చాము. ఈనాటి వరకు తప్పలేదు.

మొదటి ప్రయత్నం

బండమీద కట్టిన ఇల్లు, ఇసుకమీద కట్టిన ఇల్లు అనే ఉపమానంపై మేము ఎన్నిసార్లు ప్రసంగించామో లెక్కలేదు. అయినా మా పెరట్లో నల్లరేగడి మీద తిన్నగా కట్టాము!

ఖర్చు తగ్గుతుందని వడ్రంగిని పిలువలేదు. 2018 మే నెలలో సంఘములోని యౌవనస్థులూ మేమూ కలిసి పెరడు చదును చేశాము. సరుగుడు బాదులను మట్టిమీదనే వరుసగా పెట్టాము. వాటిమీద పలకలను ఒకదానికొకటి ఇరికించి, సందు లేకుండా మేకులతో బిగించాము. ఇరవై అడుగుల వెడల్పు, ఇరవైనాలుగు అడుగుల పొడవు వచ్చింది. చాలని పలకలు పాత కలప అంగట్లో కొన్నాము. పాత బండి మార్చుకుందామని దాచిన సొమ్ములో ఇరవై రెండు వేలు ఖర్చయింది. చూడడానికి అద్దంలా ఉంది. అమ్మాయి మంచం కిందనుండి బంతి తీసింది. ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదంటే నమ్మండి.

జూలైలో వానలు పట్టుకున్నాయి. నల్లరేగడి ఎండకు పగుళ్లు తీస్తుంది, తడికి ఉబ్బుతుంది. అది ఉబ్బినచోట బాదులు లేచాయి, నీరు నిలిచినచోట దిగబడ్డాయి. సందులేని పలకలు తడి పీల్చుకుని, పక్కకు జరిగే చోటులేక, మధ్యలో గూనిలా పైకి లేచాయి. మేకులు పెరుక్కుని వచ్చాయి. ఒక సాయంత్రం ఎదురింటి కుర్రవాడు బంతికోసం పరుగెత్తుతూ లేచిన పలక తగిలి పడ్డాడు. చీలమండ వాచిపోయింది. ఆసుపత్రికి తీసుకువెళ్లి చూపించాము. ఎముక విరగలేదు. "పర్వాలేదులెండి పాస్టరుగారూ, పిల్లలన్నాక పడతారు" అంది వాళ్లమ్మ. తిట్టినా అంత బాధపడేవాళ్లము కాదు.

మరునాడు పలకలు ఎత్తి చూస్తే అడుగున బాదులు చెదలకు ఆహారమైపోయాయి. పలకలలో మూడోవంతు పాడయ్యాయి. నాన్నగారి సుద్దగీతలున్న పలకలు కొన్ని అందులో పోయాయి. అమ్మాయి ఏమీ అనలేదు. బంతిని మళ్లీ మంచం కింద పెట్టింది.

పెద్దాయన చెప్పిన పాఠం

అప్పుడు వెళ్లి వడ్రంగి పెద్దాయనను పిలుచుకు వచ్చాము. ఆయన పలకను వ్రేలితో తట్టి, వాసన చూసి, "చెక్క చచ్చిందనుకున్నారా పాస్టరుగారూ? అది ఊపిరి తీస్తూనే ఉంటుంది" అన్నారు. తరువాత ఒక్కొక్కటి విడమరచి చెప్పారు.

చెక్క తడికి వెడల్పున పెరుగుతుంది, పొడవున దాదాపు పెరగదు. ఎనిమిదంగుళాల పలక ఒక్కొక్కటి రెండు మిల్లీమీటర్లు ఉబ్బిందనుకోండి. ఇరవై అడుగులలో ముప్పై పలకలుంటాయి. అంటే అరవై మిల్లీమీటర్లు, రెండంగుళాలకు పైగా! ఆ రెండంగుళాలు ఎక్కడికి పోవాలి? పక్కకు దారి లేకపోతే పైకి లేస్తుంది. అందుకే వ్యాయామశాలలలో కూడా చెక్క నేలకూ గోడకూ మధ్య సందు వదులుతారు.

రెండవది చేవ. టేకు అంటే చెదలు పట్టదని మన నమ్మకం. చేవ ఉన్న భాగానికే అది వర్తిస్తుంది. అంచులలో ఉండే తెల్లని భాగాన్ని చెదలు మామిడిచెక్కను తిన్నట్టే తింటాయి. అంగట్లో కొన్న పలకలలో సగం తెల్లవే!

మూడవది గాలి. పైన ఎంత నూనె పూసినా అడుగున గాలి ఆడకపోతే చెక్క కిందనుండి కుళ్లుతుంది. "మీరు పైభాగమే చూసుకున్నారు, నేను అడుగు చూస్తాను" అన్నారాయన. ఆ మాట మా మనస్సులో నాటుకుంది.

రెండవసారి ఇలా కట్టాము

వానలు, చలి గడిచాక 2019 ఫిబ్రవరిలో మళ్లీ మొదలుపెట్టాము. మిగిలిన మంచి పలకలు పదహారు అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల పొడవుకే సరిపోయాయి. అమ్మాయి కాగితం మీద లెక్క వేసి, "చాలు నాన్నా" అంది. రింగు ముందుండే గడి వెడల్పు పదహారు అడుగులు. ఫ్రీత్రో గీత బోర్డుకు పదిహేను అడుగుల దూరం. అదంతా చెక్కమీదకు వస్తుంది. చుట్టూ మట్టినేల ఉన్నా ఫరవాలేదు.

మొదట నేల. అడుగు లోతున నల్లమట్టి తీసివేసి గ్రావెల్, ఇసుక నింపి, నీళ్లు కొట్టి దిమ్మిస చేశాము. దానిమీద నాలుగంగుళాల కాంక్రీటు పరచి, పది అడుగులకు అంగుళం చొప్పున కాలువవైపు వాలు ఇచ్చాము. పోసిన నీరు నిలువకుండా పోతున్నదో లేదో బిందెలతో పోసి చూశాకనే ముందుకు వెళ్లాము.

తరువాత దిమ్మెలు. కాంక్రీటు మీద తొమ్మిదంగుళాల ఎత్తున ఇటుక దిమ్మెలు కట్టించాము. ప్రతి దిమ్మె మీద రేకుముక్క పరచి, అంచులు కిందికి వంచారు. చెదలు మట్టిగొట్టం కట్టుకుంటూ ఎక్కినా ఆ అంచు దగ్గర బయటపడక తప్పదు, మన కంటికి కనబడుతుంది. రేకుమీద పాత లారీ టైరు ముక్కలు పెట్టారు. అవే మా అమ్మాయి మోకాళ్లకు మెత్తదనం.

వాటిమీద దూలాలు. పాత టేకు దూలాలను కోయించి అడుగుకొకటి చొప్పున పరచారు. పలకలు అంగుళం మందం. తెల్ల భాగం చెక్కివేసి, చేవ భాగమే వాడారు. పలకకూ పలకకూ మధ్య రెండు రూపాయి బిళ్లల మందం సందు వదిలారు. వాన నీరు దిగిపోవడానికీ, చెక్క ఉబ్బడానికీ అదే దారి. మేకులకు బదులు స్క్రూలు బిగించి, తలలు చెక్కలోకి దించారు. అరికాలికి తగలకుండా చిత్రిక పట్టి, అవిసె నూనె రెండు పూతలు పూశాము. నాన్నగారి గీతలున్న పలకలను చిత్రిక పట్టనివ్వకుండా ఆ వైపు కిందికి తిప్పించాము. అవి ఇప్పుడు ఎవరికీ కనబడవు. ఉన్నాయని మాకు తెలుసు.

చివరకు స్తంభం. నాలుగంగుళాల ఇనుప గొట్టాన్ని మూడడుగుల లోతున కాంక్రీటులో నిలబెట్టాము. బోర్డు ఆరడుగుల వెడల్పు, మూడున్నర అడుగుల ఎత్తు. నీటికి ఆగే ప్లైవుడ్‌తో చేయించాము. స్తంభం బోర్డుకు నాలుగడుగులు వెనుకకు ఉండేలా చూశాము. లేకపోతే పరుగున వచ్చిన పిల్లలు దానికే కొట్టుకుంటారు. అయినా దానికి పాత కొబ్బరిపీచు పరుపు చుట్టాము. కరెంటు తీగలకూ, బావికీ దూరంగా పెట్టాము.

రెండవసారి ముప్పై ఎనిమిది వేలయింది. బండి మార్చుకోలేదు. ఆ పాత బండే ఇంకా మమ్మల్ని కూడికలకు మోస్తున్నది.

ఆ తరువాత

2020 మార్చిలో హాస్టళ్లు మూతపడ్డాయి. అమ్మాయి పదవ తరగతి పరీక్షలు కూడా ఆ ఏడు రద్దయ్యాయి. ఇంట్లో అందరం బందీలమైన ఆ నెలల్లో ఆ పలకలే మాకు ఊరట. ఉదయం వ్యాయామాలు, సాయంత్రం బంతి. తమ్ముడికి నేర్పింది. తల్లికి నేర్పింది. మాకు నేర్పబోయి విరమించుకుంది! ఆంక్షలు సడలాక పొరుగు ఆడపిల్లలు ముందు గోడమీదనుండి తొంగిచూశారు, తరువాత గేటు దగ్గర నిలబడ్డారు, ఆ తరువాత చెప్పులు విడిచి లోపలికి వచ్చారు. సోమ, బుధ, శుక్రవారాలు ఆడపిల్లలకే అని నియమం పెట్టాము. మొదట మగపిల్లలు సణిగారు. ఇప్పుడు ఎవరూ సణగరు.

చెక్క నేల మా అమ్మాయి నొప్పి తగ్గించిందని మేము చెప్పము. డాక్టరుగారు చెప్పిన వ్యాయామాలూ, ఓపికా తగ్గించాయి. చెక్క నేల చేసిన మేలు వేరు. మళ్లీ మొదటిసారి ఎగరడానికి భయపడిన పిల్లకు అది చోటిచ్చింది. ఆమె ఏ జట్టులోనూ చేరలేదు, పతకాలేమీ తేలేదు. కాని సెలవులకు వచ్చిన ప్రతిసారీ సంచి లోపల పెట్టకముందే పెరట్లోకి వెళుతుంది.

మీరూ తలపెడితే

ఈ వ్యాసం చదివి ప్రతి ఇంటా చెక్క పరచమని మా ఉద్దేశం కాదు. పాత కలప చేతిలో లేకపోతే ఇది ఖరీదైన పని. వాలీబాల్‌కు మట్టినేల చాలు. పద్దెనిమిది మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు చదును చేసి, రాళ్లు ఏరి, నీళ్లు చల్లి దిమ్మిస చేస్తే సరి. ఊరంతా ఆడవచ్చు. బంతి నేలకు కొట్టి లేపవలసిన బాస్కెట్‌బాల్‌కు మాత్రం గట్టి చదునైన నేల కావాలి. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఈ ఆటను మొదటిసారి పతకాలకు ఆడినప్పుడు, ఆరుబయట మట్టి, ఇసుక కలిపిన టెన్నిస్ కోర్టులమీద ఆడించారు. ఫైనలు నాడు వాన కురిసి బురదలో బంతి లేవలేదు. అమెరికా కెనడాను 19–8తో గెలిచింది. ఆ పోటీలకు నైస్మిత్ స్వయంగా అతిథిగా వెళ్లాడు. ఆట పుట్టించినవాని కళ్లెదుటనే అలా జరిగింది. కాబట్టి మన నేల చెడిందని మరీ కుంగిపోనక్కరలేదు.

చెక్కే వేయదలచుకుంటే కొన్ని మాటలు గుర్తుంచుకోండి. వడ్రంగిని మొదటే పిలవండి. వానాకాలం ముందు తొందరపడి మొదలుపెట్టవద్దు. తడిసిన చెక్క జారుతుంది, ఆరేదాకా ఎవరినీ ఎక్కనివ్వవద్దు. వానలప్పుడు టార్పాలిన్ కప్పినా అంచులు ఎత్తిపెట్టి గాలి ఆడనివ్వండి. ఏటా సంక్రాంతి దాటాక స్క్రూలు బిగించి, నూనె పూయండి. నెలకొకసారి వంగి అడుగున చెదల గొట్టాలు ఉన్నాయేమో చూడండి.

ఆ చివరి పని మా ఇంట్లో మాదే. నెలకొకసారి లాంతరులాంటి బ్యాటరీ లైటు పట్టుకుని, నేలమీద బోర్లా పడుకుని, దిమ్మెల మధ్యకు చూస్తాము. పైన పిల్లల అడుగులు దబదబమంటుంటాయి. లైటు వెలుగులో నాన్నగారి గీతలు కనబడతాయి. గృహమైనా, సంఘమైనా, పిల్లల పెంపకమైనా పైపై మెరుగులు చూసుకుని తృప్తిపడే మనము ఎప్పుడైనా వంగి అడుగున ఏముందో చూసుకోవలసినవారమే. చూసుకుందాము.